రూబార్బ్ తోటలో ప్రపంచ ఛాంపియన్

డిసెంబర్ నెలలో మన హాస్టల్లో పొద్దున్నే ఆరింటికి లేచి గ్రౌండ్‌కి వెళ్ళేవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దుప్పటి ముసుగులోంచి చెయ్యి బయటపెట్టి అలారం ఆపడమే మనకి పెద్ద వ్యాయామం. ఇంతా చేసి మన చలి ఎంత? చన్నీళ్ళ స్నానానికి భయపడేంత. అంతే.

ఇప్పుడు ఇంగ్లండ్ ఉత్తర భాగంలో యార్క్‌షైర్ అనే ప్రాంతాన్ని ఊహించుకోండి. అక్కడ డిసెంబర్‌లో ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు. సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడిపోతుంది. మధ్యలో దొరికే ఆ కాస్త వెలుగు కూడా చాలా రోజులు వానకీ గాలికీ సరిపోతుంది. రోడ్డు మీద మంచు పొర కట్టి ఉంటే సైకిల్ చక్రం ఎప్పుడు జారుతుందో తెలియదు. అలాంటి చోట పగలంతా పొలంలో కూలి పని చేసి, ఇల్లు చూసుకుని, మిగిలిన టైంలో సైకిల్ తొక్కి, ఏడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఒకావిడ ఉంది. పేరు బెరిల్ బర్టన్. ఒక్క రోజు కూడా ప్రొఫెషనల్‌గా సైకిల్ తొక్కలేదు. చివరిదాకా అమెచ్యూర్‌గానే ఉండిపోయింది.

మన క్లబ్‌లో కథలు రాసేవాళ్ళకీ, కవితలు రాసేవాళ్ళకీ ఎవరూ డబ్బులివ్వరు కదా. ఈమె కథ మనకి ఎందుకో బాగా దగ్గరగా అనిపించింది. అందుకే ఈసారి రాయాలనిపించింది.

పరీక్ష తప్పిన పిల్ల

బెరిల్ 1937 మే 12న లీడ్స్ నగరం పక్కన హాల్టన్ అనే చోట పుట్టింది. పుట్టింటి పేరు చార్నాక్. మామూలు శ్రామిక కుటుంబం. చదువులో చురుకైన పిల్లే. ఆ రోజుల్లో బ్రిటన్‌లో పిల్లలకి పదకొండేళ్ళు వచ్చేసరికి ఒక పరీక్ష పెట్టేవాళ్ళు. ఎలెవెన్ ప్లస్ అంటారు. అందులో పాసైతే గ్రామర్ స్కూలు, అక్కణ్ణుంచి యూనివర్సిటీ దారి. తప్పితే మామూలు బడి, పదిహేనేళ్ళకి ఏ ఫ్యాక్టరీలోనో పని. అంటే పదకొండేళ్ళ పిల్ల జీవితం ఏ వైపు తిరగాలో ఒక్క రోజులో తేలిపోతుంది. ఎంట్రన్స్ రిజల్ట్ రోజు మన ఇళ్ళల్లో ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటే చాలు, ఆ పిల్ల పరిస్థితి అర్థమవుతుంది.

బెరిల్ ఆ పరీక్ష తప్పింది. ఆ బెంగ మనసులో చాలా లోతుగా పడిపోయింది. ఆ వెనకే జబ్బు కూడా పడింది. రుమాటిక్ ఫీవర్, దాంతోపాటు కాళ్ళూ చేతులూ తమంతట తామే అదిరిపోయే కొరియా అనే జబ్బు. ఒక పక్క శరీరం చచ్చుబడింది. కొంతకాలం మాట కూడా పడిపోయింది. ఆస్పత్రిలో తొమ్మిది నెలలు. తర్వాత సౌత్‌పోర్ట్ అనే సముద్ర తీరపు ఊళ్ళో కోలుకునే పిల్లల కోసం ఉన్న ఒక ఆశ్రమంలో ఇంకో పదిహేను నెలలు. మొత్తం రెండేళ్ళు బాల్యంలోంచి అలా పోయాయి.

రుమాటిక్ ఫీవర్ సంగతి కొంచెం చెప్పుకోవాలి. గొంతులో వచ్చిన బాక్టీరియా ఇన్ఫెక్షన్ మీద పోరాడబోయి మన శరీరం తన సొంత కణజాలం మీదే దాడి చేస్తుంది. కీళ్ళు, మెదడు, ముఖ్యంగా గుండె దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టర్లు ఆ అమ్మాయికి గట్టిగా చెప్పి పంపించారు. కష్టమైన పనులు చెయ్యకూడదు, పరుగులూ ఆటలూ అసలు వద్దు అని.

ఆ సలహా ఇచ్చిన డాక్టర్లు తర్వాత పేపర్లో ఆమె పేరు చూసి ఏమనుకున్నారో!

చార్లీ, ఒక సైకిల్

పదిహేనేళ్ళకి చదువు ఆగిపోయింది. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. అక్కడే చార్లీ బర్టన్ పరిచయం. అతనికి సైకిల్ పిచ్చి. లీడ్స్ పక్కనే ఉన్న మోర్లీ ఊరి సైకిల్ క్లబ్‌లో సభ్యుడు. అతనితో పాటు ఈమె కూడా ఆదివారాలు సైకిల్ మీద వెళ్ళడం మొదలుపెట్టింది. మొదట్లో చాలా వెనకబడేది. ఎత్తు వచ్చిన చోట చార్లీ పక్కకి వచ్చి, వీపు మీద చెయ్యి వేసి నెట్టాల్సి వచ్చేది. 1955లో పెళ్ళి చేసుకున్నారు. అప్పటికి ఆమెకి పదిహేడేళ్ళు. మరుసటి ఏడాది జనవరిలో కూతురు డెనీస్ పుట్టింది.

పద్దెనిమిదేళ్ళకే తల్లి. జబ్బుపడి లేచిన శరీరం. చేతిలో డబ్బు లేదు. మామూలుగా అయితే కథ ఇక్కడే అయిపోవాలి. కానీ 1957 వచ్చేసరికి ఆమె జాతీయ 100 మైళ్ళ పోటీలో రెండో స్థానంలో ఉంది. ఇంకో రెండేళ్ళకి ప్రపంచ ఛాంపియన్.

చార్లీ కూడా పోటీల్లో తొక్కేవాడే. తనకంటే భార్యలో ఉన్న సత్తా ఎక్కువని తొందరగానే తెలుసుకున్నాడు. తన పోటీలు తగ్గించుకున్నాడు. ఆమె సైకిల్ రిపేర్లు, పోటీలకి తీసుకెళ్ళడం, రోడ్డు పక్కన నిలబడి తాగడానికీ తినడానికీ అందివ్వడం, పాపని చూసుకోవడం, అన్నీ నెత్తిన వేసుకున్నాడు. 1950ల్లో ఒక మొగుడు ఇలా చెయ్యడం ఇక్కడే కాదు, అక్కడా మామూలు విషయం కాదు. బెరిల్ గురించి రాసేటప్పుడు చార్లీ గురించి ఒక పేరా కూడా రాయకపోతే అన్యాయం.

గడియారంతో పోటీ

మనకి సైకిల్ రేస్ అంటే గుంపుగా వెళ్ళేదే గుర్తొస్తుంది. బ్రిటన్‌లో అసలైన క్లబ్ పోటీ అది కాదు. టైం ట్రయల్. ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో పంపిస్తారు. ముందు వెళ్ళేవాళ్ళ వెనకాల నక్కి గాలి తప్పించుకోవడం నిషేధం. ఎవరి కాళ్ళు వాళ్ళవి, ఎవరి గాలి వాళ్ళది. చివరికి స్టాప్‌వాచ్ ఏం చెప్తే అదే.

ఈ పద్ధతి వెనక ఒక తమాషా చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో రోడ్ల మీద గుంపుగా పోటీలు పెడితే పోలీసులు పట్టుకుంటారనీ, మొత్తానికి సైకిల్‌నే నిషేధిస్తారనీ అక్కడి సంఘాలు భయపడ్డాయి. అందుకే 1895 ప్రాంతంలో ఇలా విడివిడిగా, తెల్లవారుజామున, పెద్ద చప్పుడు లేకుండా జరిపే పోటీలు మొదలయ్యాయి. చాలాకాలం పోటీ ఏ రోడ్డు మీద జరుగుతుందో కూడా బయటికి చెప్పేవాళ్ళు కాదు. రూట్లకి కోడ్ నెంబర్లు ఉండేవి. రహస్య సంఘం లాగా అన్నమాట.

మన మెకానికల్ వాళ్ళకి ఇక్కడ ఒక లెక్క. చదునైన రోడ్డు మీద వేగం పెరిగే కొద్దీ సైకిల్ తొక్కేవాడి శక్తిలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. దానికి కావలసిన పవర్ వేగానికి ఘనంగా పెరుగుతుంది. అంటే పది శాతం వేగం పెంచాలంటే సుమారు 33 శాతం ఎక్కువ పవర్ కావాలి. గుంపులో అయితే ఆ భారం పంచుకోవచ్చు. టైం ట్రయల్‌లో కుదరదు. అందుకే ఇందులో ఒక్క నిమిషం రికార్డు తగ్గడం అంటే మాటలు కాదు.

అలాంటి పోటీలో 25, 50, 100 మైళ్ళ దూరాల సగటు వేగాలు కలిపి, ఆ ఏడాది దేశంలో అన్నిటికంటే గొప్ప ఆల్‌రౌండర్ ఎవరో తేలుస్తారు. మహిళల్లో ఆ బిరుదు 1959లో బెరిల్‌కి వచ్చింది. మళ్ళీ 1960లో. అలా 1983 వరకు ఆమెకే వచ్చింది. వరసగా 25 ఏళ్ళు! 22 ఏళ్ళ వయసులో మొదలుపెట్టి 46 ఏళ్ళ దాకా ఆ కుర్చీ ఇంకెవరికీ ఇవ్వలేదు. ఆమె గెలవడం మొదలుపెట్టిన తర్వాత పుట్టిన అమ్మాయిలు పెరిగి పెద్దై, ఆమె మీద పోటీకొచ్చి, ఓడిపోయి ఇంటికెళ్ళారు.

రూబార్బ్ తోటలో

ఇంత గెలిచిన మనిషి ఏం చేసి బతికింది? మోర్లీలో నిమ్ కార్లైన్ అని ఒక తోట యజమాని ఉండేవాడు. ఆయన కూడా అదే క్లబ్ సభ్యుడు, 24 గంటల సైకిల్ పోటీల్లో దేశ విజేత. ఆయన తోటలో బెరిల్ కూలి పనికి కుదిరింది. తోటలో పండించేది రూబార్బ్.

రూబార్బ్ అంటే మన దగ్గర చాలామందికి తెలియదు. కానీ దాని చుట్టం మన ఇంట్లోనే ఉంది. మనం పప్పులో వేసుకునే చుక్కకూరదీ దీనిదీ ఒకటే కుటుంబం. అదే పులుపు. తేడా ఏంటంటే రూబార్బ్ ఆకు విషం. ఎర్రటి కాడ మాత్రమే తింటారు, అదీ పంచదార బాగా వేసి ఉడికించి.

మోర్లీ, వేక్‌ఫీల్డ్, రాత్‌వెల్ ఊళ్ళ మధ్య ప్రాంతం ఈ పంటకి పేరు. అక్కడ దీన్ని పండించే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. రెండేళ్ళపాటు పొలంలో ఆకులు కోయకుండా వదిలేస్తారు. మొక్క తన బలమంతా నేల కింద దుబ్బులో దాచుకుంటుంది. శీతాకాలం వచ్చి, మంచు పట్టి, ఆ దుబ్బుకి చలి బాగా తగిలాక, దాన్ని వేళ్ళతో సహా పెళ్ళగించి, వెలుతురు సోకని వెచ్చటి షెడ్లలోకి మోసుకెళ్తారు. ఆ చీకట్లో దాచుకున్న బలంతోనే కాడలు లేతగా, వేగంగా పైకి వస్తాయి. వెలుతురు తగిలితే రుచి పోతుందని కొవ్వొత్తుల వెలుగులో కోస్తారు. చలి తగలకుండా షెడ్డులో పెడితే ఆ దుబ్బు సరిగ్గా చిగురించదు.

ఆ దుబ్బులు మన కందగడ్డల్లా చిన్నవి కావు. మట్టితో కలిసి చాలా బరువుంటాయి. తడిసి, గడ్డకట్టిన నేలలో పార దించి, వాటిని లేపి, బండిలోకి ఎత్తాలి. నడుము విరిగే పని. బెరిల్ మగవాళ్ళతో సమానంగా ఆ పని చేసేది. ఇప్పటి క్రీడాకారులు జిమ్‌లో బరువులెత్తడానికి ఫీజు కడతారు. ఆమె బరువులెత్తితే కూలి వచ్చేది, అంతే తేడా.

శీతాకాలపు సైకిల్

బ్రిటన్ క్లబ్ సైక్లిస్టులకి శీతాకాలం అంటే పోటీలు ఉండవు గానీ సెలవు కాదు. వచ్చే వేసవికి పునాది పడేది అప్పుడే. దానికి ఒక ప్రత్యేకమైన సైకిల్ ఉంటుంది. రేసు సైకిల్ని తుడిచి లోపల పెట్టేసి, మడ్‌గార్డులు బిగించిన పాత సైకిల్ని బయటికి తీస్తారు. చాలామంది దానికి ఫిక్స్‌డ్ వీల్ వాడేవాళ్ళు. మన మామూలు సైకిల్‌కి ఫ్రీవీల్ ఉంటుంది కదా, పల్లంలో పెడల్ ఆపేసినా చక్రం తిరుగుతుంది. ఫిక్స్‌డ్ వీల్‌లో ఆ సుఖం లేదు. చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. ఎత్తయినా, పల్లమైనా విశ్రాంతి లేదు.

ఎందుకంత కష్టం అంటే దానికి కారణాలున్నాయి. గేర్లు లేవు కాబట్టి రోడ్డు మీద బురదా ఉప్పూ పట్టి పాడయ్యేవి తక్కువ. జారే రోడ్డు మీద బ్రేకు గట్టిగా నొక్కకుండా కాళ్ళతోనే వేగం తగ్గించొచ్చు. కాళ్ళు ఆగకుండా తిరుగుతాయి కాబట్టి ఒళ్ళు చల్లబడదు. అన్నిటికంటే ముఖ్యం, పెడల్ గుండ్రంగా, ఒకే లయలో తిప్పడం అలవాటవుతుంది.

ఆదివారం పొద్దున్నే క్లబ్ వాళ్ళంతా ఒక చోట కలిసి, యార్క్‌షైర్ కొండల వైపు వెళ్ళి, ఎక్కడో ఒక టీ కొట్లో తడి బట్టలతోనే కూర్చుని వేడివేడి టీ తాగి, చీకటి పడేలోగా ఇంటికి చేరడం. దీన్నే క్లబ్ రన్ అంటారు. బెరిల్ ప్రపంచ ఛాంపియన్ అయిన తర్వాత కూడా ఈ గుంపులో ఒక మనిషిగానే ఉంది. మగవాళ్ళతో కలిసి తొక్కేది. వాళ్ళు వేగం తగ్గిస్తారని ఎదురుచూసేది కాదు. చాలాసార్లు వాళ్ళే ఆమె వెనక ఒగరుస్తూ వచ్చేవాళ్ళు.

పోటీకి ముందు చాలామందికి చేతులు వణుకుతాయి. ఈమె మాత్రం ఒక మూల కూర్చుని ఊలు అల్లుకునేది. స్వెటర్ అల్లుతూ, పేరు పిలవగానే సూదులు పక్కనపెట్టి, వెళ్ళి గెలిచి వచ్చేది.

ప్రపంచం చూసిన బెరిల్

మహిళలకి ప్రపంచ సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ మొదలైందే 1958లో. మరుసటి ఏడాది బెల్జియంలోని లియేజ్‌లో బెరిల్ 3,000 మీటర్ల పర్స్యూట్ గెలిచింది. ఇది ట్రాక్ మీద జరిగే పోటీ. ఇద్దరు ఎదురెదురు వైపుల నుంచి ఒకేసారి బయల్దేరి ఒకరినొకరు తరుముకుంటారు. ఆ తర్వాత 1960, 1962, 1963, 1966ల్లో మళ్ళీ గెలిచింది. మొత్తం ఐదుసార్లు. రోడ్డు పోటీలో రెండుసార్లు. 1960లో తూర్పు జర్మనీలో పర్స్యూట్, రోడ్డు రెండూ ఆమెవే. రెండోసారి 1967లో నెదర్లాండ్స్‌లోని హీర్లెన్‌లో. ఆ హీర్లెన్‌లోనే మగవాళ్ళ ప్రొఫెషనల్ పోటీ గెలిచింది ఎడీ మెర్క్స్. మెర్క్స్ పేరు సైకిల్ తెలిసిన ప్రతివాడికీ తెలుసు. బెరిల్ పేరు?

యూరప్‌లో సైకిల్ అంటే ప్రాణం పెట్టే దేశాల్లో ఆమెని గుర్తుపట్టేవాళ్ళు. సొంత ఊళ్ళో మాత్రం గెలిచి వచ్చిన తర్వాత మళ్ళీ తోట పనికే వెళ్ళాలి. 1964లో, 1968లో రాణి చేతుల మీదుగా గౌరవ బిరుదులు వచ్చాయి. 1967లో బీబీసీ ఏటా ఇచ్చే ఉత్తమ క్రీడాకారుల బహుమతిలో బాక్సర్ హెన్రీ కూపర్ తర్వాత రెండో స్థానం వచ్చింది. బిరుదులు వచ్చాయి గానీ వాటితో రొట్టె రాదు.

ఒక అతిమధురం మిఠాయి

1967 సెప్టెంబర్ 17. హీర్లెన్‌లో గెలిచి వచ్చి ఎన్నో రోజులు కాలేదు. యార్క్‌షైర్‌లో ఓట్లీ క్లబ్ వాళ్ళ 12 గంటల పోటీ. పన్నెండు గంటల్లో ఎవరు ఎంత దూరం తొక్కితే అంత. మగవాళ్ళని ముందు పంపారు, ఆఖరి మగవాడు వెళ్ళిన తర్వాత ఆడవాళ్ళని. మగవాళ్ళలో ఆఖరున బయల్దేరింది మైక్ మెక్‌నమారా. ఆ రోజు అతను కూడా మామూలు ఊపులో లేడు. మగవాళ్ళ జాతీయ రికార్డు బద్దలుకొట్టే వేగంతో పోతున్నాడు.

గంటలు గడిచాయి. బెరిల్ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. మధ్యలో కడుపులో ఇబ్బంది వచ్చినా ఆగలేదు. చివరికి దారిలో ఆమె ముందు మిగిలింది మెక్‌నమారా ఒక్కడే. అతన్ని కూడా అందుకుంది.

అప్పుడు ఆమెకి ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. ఒక పక్క సంతోషం. ఇంకో పక్క, జీవితంలో గొప్ప రోజు గడుపుతున్న తోటివాడి సంతోషాన్ని తను పాడుచేస్తున్నానేమో అన్న మొహమాటం. జేబులో చెయ్యి పెడితే అతిమధురం మిఠాయిలు తగిలాయి. అక్కడ పిల్లలు తినే రంగురంగుల లిక్వోరిస్ మిఠాయిలు. ఒకటి తీసి, పక్కగా వెళ్తూ అతని చేతిలో పెట్టింది. అతను థాంక్స్ చెప్పి నోట్లో వేసుకున్నాడు. ఆమె ముందుకు వెళ్ళిపోయింది.

పన్నెండు గంటలు అయ్యేసరికి మెక్‌నమారా 276.52 మైళ్ళు తొక్కి మగవాళ్ళ కొత్త రికార్డు పెట్టాడు. బెరిల్ తొక్కింది 277.25 మైళ్ళు. అంటే 446 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్ళి, మళ్ళీ హైదరాబాద్ వచ్చినా ఇంకా కొంచెం మిగులుతుంది. సగటున గంటకి 37 కిలోమీటర్లు, పన్నెండు గంటలపాటు. అదే రోజు పెట్టిన మగవాళ్ళ కొత్త రికార్డుని ఒక ఆడమనిషి దాటేసింది. ఆమె దూరాన్ని మగవాళ్ళు అందుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆడవాళ్ళు అందుకోవడానికి యాభై ఏళ్ళు. 2017లో గానీ ఆ రికార్డు పోలేదు. ఈలోగా సైకిళ్ళు కార్బన్ ఫైబర్‌కి మారాయి, బట్టలూ హెల్మెట్లూ గాలి సొరంగాల్లో తయారయ్యాయి. అయినా సరే యాభై ఏళ్ళు!

ఆ మరుసటి ఏడాది 100 మైళ్ళు 3 గంటల 55 నిమిషాల 5 సెకన్లలో తొక్కింది. అది 18 ఏళ్ళు నిలిచింది. 1976లో, 39 ఏళ్ళ వయసులో, 25 మైళ్ళు 53 నిమిషాల 21 సెకన్లలో. అది 20 ఏళ్ళు.

ఇన్ని ఉన్నాయి కదా, మరి ఒలింపిక్ పతకం ఎక్కడ అని మీరు అడగొచ్చు. లేదు. ఎందుకంటే ఆమె మంచి వయసులో ఉన్నప్పుడు ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి సైక్లింగే లేదు. మొదటిసారి 1984లో పెట్టారు. అప్పటికి బెరిల్‌కి 47 ఏళ్ళు. ఆమె సొంత పోటీ అయిన పర్స్యూట్ అయితే 1992 దాకా రాలేదు.

అమ్మ, కూతురు

ఇంతవరకూ చదివితే బెరిల్ ఒక దేవత అనిపించొచ్చు. కాదు. ఆ సంగతి కూడా చెప్పాలి.

డెనీస్ పెరిగి తను కూడా సైకిల్ రేసర్ అయింది. 1972లో తల్లీకూతుళ్ళు ఇద్దరూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి బ్రిటన్ జట్టులో ఎంపికయ్యారు. 1975లో డెనీస్‌కి పర్స్యూట్‌లో ప్రపంచ కాంస్యం వచ్చింది. 1976లో జాతీయ రోడ్డు ఛాంపియన్‌షిప్. చివర్లో తల్లీ కూతురూ గెలుపు కోసం పక్కపక్కన స్ప్రింట్‌కి దిగారు. కూతురు గెలిచింది. పోడియం మీద డెనీస్ పై మెట్టు మీద, బెరిల్ కింది మెట్టు మీద. కూతురికి చెయ్యి కలపడానికి తల్లి ఒప్పుకోలేదు.

ముందు వరసలో గాలికి ఎదురు తొక్కే పని కూతురు తన వాటాగా చెయ్యలేదని ఆమె కోపం. ఒకే ఇంట్లో ఉండి, ఒకే టేబుల్ దగ్గర తిని, ఒకే రోడ్ల మీద ప్రాక్టీస్ చేసే ఇద్దరి మధ్య అప్పటికే పేరుకున్న చిరాకులు కూడా తోడయ్యాయి. తర్వాత ఎప్పుడో తన పుస్తకంలో, అలా చెయ్యడం ఆటకే చెడ్డపేరు తెచ్చిందని తనే ఒప్పుకుంది. కానీ ఆ రోజు, ఇరవై ఏళ్ళ కూతురికి దేశంలోనే పెద్ద విజయం వచ్చిన రోజు, అమ్మ చెయ్యి అందలేదు. అది మళ్ళీ వెనక్కి రాదు.

తర్వాత ఇద్దరూ సర్దుకున్నారు. 1982లో ఒకే టాండెమ్ సైకిల్ మీద తల్లీకూతుళ్ళు కలిసి తొక్కి 10 మైళ్ళ జాతీయ రికార్డు పెట్టారు. టాండెమ్‌లో ఇద్దరి పెడళ్ళూ ఒకే గొలుసుతో కలిసి ఉంటాయి. ఒకరు ఆగితే ఇంకొకరు తొక్కలేరు.

నాకు ఈ భాగం రాయాలా వద్దా అనిపించింది. కానీ ఇది తీసేస్తే మిగతా కథ కూడా అబద్ధం అవుతుంది. ఏ పట్టుదల ఆమెని రెండేళ్ళ ఆస్పత్రి మంచం మీంచి లేపిందో, అదే పట్టుదల సొంత కూతురి ముందు కూడా తగ్గనివ్వలేదు. రెండూ ఒకే మనిషివి.

ఆగని మనిషి

1983తో వరస గెలుపులు ఆగాయి. అప్పటికి దేశంలో గెలిచిన టైటిళ్ళే 90కి పైగా ఉన్నాయి. ఇంకొకరైతే పతకాలు అద్దాల బీరువాలో పెట్టి కూర్చునేవాళ్ళు. బెరిల్ ఆపలేదు. గెలవడం పోయింది, పదో స్థానం, ఇరవయ్యో స్థానం వస్తున్నాయి, ఒంట్లో ఓపిక తగ్గుతోంది. అయినా ప్రతి సీజన్‌కీ పేరు ఇచ్చేది. చలికాలం వస్తే మళ్ళీ మడ్‌గార్డులు బిగించేది. ఆమెని చూసి జాలిపడ్డవాళ్ళు ఉన్నారు, మానెయ్యొచ్చు కదా అన్నవాళ్ళు ఉన్నారు. సైకిల్ ఎక్కకుండా రోజు ఎలా గడపాలో ఆమెకి తెలియదు. అదీ అసలు సంగతి.

1996 మే మొదటివారంలో, 59వ పుట్టినరోజుకి కొద్ది రోజుల ముందు, ఆ వేడుకకి రమ్మని స్నేహితులకి చెప్పే కార్డులు పంచడానికి సైకిల్ మీద బయల్దేరింది. దారిలోనే గుండె ఆగిపోయింది. చిన్నప్పుడు డాక్టర్లు జాగ్రత్త అని చెప్పిన ఆ గుండె, అన్ని వేల మైళ్ళు తొక్కిన తర్వాత, సైకిల్ మీదే ఆగింది.

మోర్లీలో ఇప్పుడు ఆమె పేరు మీద ఒక చిన్న తోట ఉంది. ఆమె బొమ్మ గోడంత పెద్దగా వేశారు. హారోగేట్, నేర్స్‌బరో ఊళ్ళ మధ్య ఒక సైకిల్ దారికి ఆమె పేరు పెట్టారు. 2014లో టూర్ డి ఫ్రాన్స్ యార్క్‌షైర్ నుంచి మొదలైన ఏడాది, నటి మ్యాక్సిన్ పీక్ రాసిన నాటకం ఒకటి బెరిల్ జీవితం మీద లీడ్స్‌లో ఆడింది. కొత్తతరం వాళ్ళు చాలామంది ఆమె పేరు విన్నది అప్పుడే.

చివరగా

అమెచ్యూర్ అనే మాటని మనం కొంచెం తక్కువగా వాడతాం. సరిగ్గా రానివాడు, ఏదో సరదాకి చేసేవాడు అని. నిజానికి ఆ మాట మూలం లాటిన్‌లో ప్రేమించడం అనే అర్థం నుంచి వచ్చింది. ఇష్టంతో చేసేవాడు అమెచ్యూర్.

మనం మూడో ఏడాదికి వచ్చేసరికి అన్నీ ఒకే తూకంలో పెట్టడం మొదలుపెడతాం. దీనివల్ల రెజ్యూమేకి ఏంటి? ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా? పనికిరాదంటే గిటార్ అటక మీదికి, రంగులు పెట్టెలోకి, రాసుకున్న నోటు పుస్తకం పరుపు కిందికి. నేను కూడా అదే చేశాను, కాబట్టి ఎవరికీ నీతులు చెప్పట్లేదు. బెరిల్‌ని ఆదర్శం అని కూడా అనను. కూతురికి చెయ్యి ఇవ్వని ఆ రోజు గుర్తొస్తే, ఇష్టం కూడా మితిమీరితే ఏం చేస్తుందో తెలుస్తుంది.

కానీ పగలంతా గడ్డకట్టిన నేలలో దుబ్బులు పెళ్ళగించి, సాయంత్రం ఇంటి పని ముగించి, ఎవరూ పైసా ఇవ్వని, ఎవరూ చూడని జనవరి రోడ్డు మీదికి సైకిల్ తీసిన మనిషి ఒకరు ఉన్నారని తెలుసుకోవడం బాగుంది. ఆ పరుపు కింది నోటు పుస్తకం నేను మొన్న బయటికి తీశాను. ఈ వ్యాసం చిత్తుప్రతి అందులోనే రాశాను.

మీ అటక మీద ఏముందో ఒకసారి చూసుకోండి. వచ్చే సంచికకి రాసి పంపండి.